కొట్టు పెనం, ఇంటి పెనం

పోయిన వేసవి మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నవి ఇవి. నర్సీపట్నం అబీద్ సెంటర్‌కి దగ్గర్లో స్టీలు సామాన్ల కొట్టు. అందులో రేకు పెనాలు తొంభై, పోత ఇనప పెనాలు నలభై, పెళ్లిళ్ల సీజన్‌ని నమ్ముకుని కొత్తగా దింపిన కరెంటు పెనాలు ముప్పై ఆరు. వేలితో కొట్టి, మోతను బట్టి పెనం మందం చెప్పగల చెవి. తెల్లవారుజామున ఐదింటికి లేచి పొయ్యి వెలిగించే భార్య, రత్నమణి. ఆమెను సరుకుతో కలిపి లెక్క వేశానని ఎవరైనా అంటే అనవచ్చు. అప్పట్లో నేను అలాగే వేసేవాణ్ణి.

కరెంటు పెనమా, పొయ్యి మీద పెనమా అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఒక్క గది అద్దెకు తీసుకుని ఇద్దరే ఉంటున్నారా, కరెంటుది. మంట లేదు, మసి లేదు, గ్యాసు అయిపోతుందన్న బెంగ లేదు. ఇంట్లో ఆరుగురున్నారా, పోత పెనం. ఒకసారి వేడెక్కిందంటే ఆగకుండా ఇరవై అట్లు దిగుతాయి, మీ మనవరాలి కాలందాకా ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఇలా చెబుతూనే ఉన్నాను. వట్టి చేతులతో వెళ్లినవాళ్లు తక్కువ.

మట్టల ఆదివారానికి ముందు రోజు పొద్దున్న రత్నమణి చీర కొంగు అంటుకుంది.

గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టి, అవతలున్న నూనె సీసా అందుకోబోయింది. అంతే. అరవలేదు. పక్కనున్న మినప పిండి గిన్నె ఎత్తి భుజం మీద కుమ్మరించుకుంది. పెరట్లో పళ్లు తోముకుంటున్న నేను వాసన పసిగట్టి పరుగెత్తేసరికి, మోచేతి నుంచి తెల్లటి పిండి బొట్లు బొట్లుగా కారుతుండగా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొయ్యి ఇంకా వెలుగుతోంది. ఖాళీ పెనం మీద నుంచి సన్నగా పొగ లేస్తోంది.

"ముందది కట్టీయండి," అంది.

ఏరియా ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎడమ చెయ్యి, మణికట్టు నుంచి మోచేతి దాకా. మూడు వారాల్లో మానింది. కొత్త చర్మం లేత రంగులో, ఏటికొప్పాక లక్క బొమ్మ మీది మెరుపులా నున్నగా ఉండేది. డాక్టరు గారు ఇక భయం లేదన్నారు. ఆమె మాత్రం వంటింటి గడప తొక్కలేదు. పెరటి వసారాలో కూరగాయలు తరిగేది, గ్రైండర్‌లో పిండి రుబ్బేది, గిన్నెలు తోమేది. లైటర్ టక్కుమంటే చాలు, ఎక్కడున్నా చెయ్యి వెనక్కి లాక్కునేది. మిగతా పొద్దంతా వీధి అరుగు మీద, పనస చెట్టు నీడ పడే చోట కూర్చునేది.

ఆ ఏప్రిల్, మే నెలలు నాకు ఒకే ఒక పొడవాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. కొట్టులో వేలాడదీసిన గిన్నెలన్నిటిలో ఒక్కొక్క చిన్న సూర్యుడు ఊగుతుండేవాడు. దూరంగా కొండలు ఎండకు కరిగి రంగు వదిలేసినట్టు, ఉన్నాయో లేవో తెలియకుండా ఉండేవి. కొనేవాళ్లు నీళ్లలో నడుస్తున్నట్టు నెమ్మదిగా వచ్చి, ఏదో అడిగి, నెమ్మదిగా వెళ్లిపోయేవారు. ఇంటికి వెళితే పనస పండు వాసన, అరుగు మీద రత్నమణి, నా చేతిలో హోటల్ పొట్లం. అన్నం కరెంటు కుక్కర్లో నేను పడేసేవాణ్ణి. కూరలు కర్రీ పాయింటువి. ఇద్దరమే కాబట్టి గడిచిపోయేది.

మే రెండో వారంలో ఆమె తమ్ముడు ప్రభుకుమార్ వచ్చాడు. కృష్ణదేవిపేట రూటులో షేర్ ఆటో నడుపుతాడు. పొట్లం చూసి నవ్వాడు.

"ఏటి బావగారూ, కొట్టునిండా పెనాలెట్టుకుని పార్సిల్ ఇడ్లీ తింటన్నారు?"

"హోటలువాడూ మన దగ్గరే గిన్నెలు కొంటాడు. వాడూ బాగుండాలి కదా."

"మీరెప్పుడూ ఇంతే." తర్వాత అసలు మాట అన్నాడు. "బళ్లు తెరిసేక అక్కని తీసుకెళ్తాను. మా ఆవిడ పొద్దున్నే అంగన్‌వాడీకి ఎల్లిపోతాది. పిల్లగుంటలిద్దర్నీ సూసుకోడానికి మనిసి లేదు. వంట మా అత్త సేస్తాది. అక్క పొయ్యి మొహం సూడక్కర్లేదు."

నేను రత్నమణి వైపు చూశాను. ఈ మాట ఇద్దరి మధ్యా ముందే అయిపోయిందని ఆమె మొహమే చెబుతోంది.

"నువ్వేమంటావు?"

"అక్కడ నాకో పని ఉంటాది."

"ఇక్కడ లేదా?"

"ఇక్కడ నా పని పొయ్యి దగ్గరేనండీ. అది నావల్ల అవట్లేదు. కూకోబెట్టి ఎన్నాళ్లు తినిపిస్తారు?"

"నేనేమైనా అన్నానా?"

"అన్లేదు. అనే మనిసి కారు. నాకే తోస్తంది."

కోపంతో వెళ్లేవాళ్లని బేరమాడి ఆపవచ్చు. లెక్క చూసుకుని వెళ్లేవాళ్లని ఎలా ఆపాలో నాకు తెలియలేదు. ఎందుకంటే ఆమె వేసిన లెక్క నాదే. బళ్లు తెరిచాక వచ్చే మొదటి ఆదివారం అన్నాడు ప్రభుకుమార్. ఐదు వారాలు.

మర్నాడు సాయంత్రమే కొట్టులోంచి మంచి కరెంటు పెనం ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టాను. సమస్య మంట అయితే, మంట లేని సరుకు ముప్పై ఆరు నేనే దింపాను. ఇంతకాలం ఈ తోవ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"కొట్లో సెప్పినట్టే సెప్పండి. వింటాను," అంది రత్నమణి, కొనడానికి వచ్చినదానిలా చేతులు ఒళ్లో పెట్టుకుని.

చెప్పాను. ఎర్ర దీపం వెలుగుతుంటే వేడెక్కుతున్నట్టు, ఆరిందంటే పోసుకోవచ్చన్నట్టు. అంటుకోదు, అడుగు మాడదు, చీర కొంగు ఎక్కడున్నా ఫర్వాలేదు. ఆమె తలాడించింది. గరిటెతో పిండి తీసుకుని, కాసేపు అలాగే పట్టుకుని, పోసింది. మధ్యనుంచి బయటికి మూడు చుట్లు. ఎన్నాళ్లకో ఇంట్లో అట్టు వాసన. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. ఆకాశం పల్చటి పసుపు రంగులో ఉంది. బేరం కుదిరిపోయిందనుకున్నాను.

మొదటిది తీశాక, పెనం మీద మిగిలిన పిండి రేకు తీసేయడానికి రెండు వేళ్లు పెట్టింది. దీపం ఆరి ఉంది. పెనం చూడ్డానికి నల్లగా, చల్లగా, మూసిన పుస్తకంలా ఉంది. వేళ్లు చురుక్కుమన్నాయి. పెద్దగా ఏమీ కాలేదు. కానీ ఆమె అరుగు ఆ చివరికి జరిగిపోయింది.

"మంటైతే కనపడతాదండీ. ఎటేపుందో, ఎంతుందో తెలుస్తాది. దీని కోపం మొహం మీద కనపడదు."

నేను రెండో గరిటె పోద్దామని గిన్నె అందుకున్నాను. పిండి ఒక చోట ముద్దలా పడింది. దాన్ని ఎలా తిప్పాలో ఆలోచిస్తుండగానే కరెంటు పోయింది. పెనం మీద అట్టు ఉడికీ ఉడకకుండా ఉండిపోయింది. కరెంటు వస్తుందేమోనని ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అదీ కనపడలేదు.

ఆ వారం సంత రోజున సింహాద్రమ్మ కొట్టుకి వచ్చింది. ఏజెన్సీ నుంచి చింతపండు తెచ్చి అమ్ముకుని, వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి కొనుక్కెళ్లే మనిషి. కరెంటు పెనం చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది.

"ఇది మా కోడలికి బాబూ. పొద్దున్నే కాపీ తోట పనికి ఎల్లిపోతాది. పొయ్యి రాజేసే టైం లేదు దానికి."

"అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

"కళ్లు తెరిసే తీసుకుంటాను. దీని మీద నువ్వు పోసేవా?"

"మా ఇంట్లో..."

"ఇంట్లో కాదు. నువ్వు."

సగం పోసిన ముద్ద కళ్ల ముందు కదిలింది. "లేదమ్మా."

"మరి దాని మీద?" అంటూ పోత పెనాల వరస చూపించింది.

"లేదు."

"ఇరవయ్యారేళ్ల నుంచి అమ్ముతన్నానని బోర్డు మీద రాసుకున్నావు."

"అమ్మడం వేరు, వండడం వేరు కదా."

"వేరే మరి," అంది, నవ్వు దాచుకోకుండా. "ఓ పని సెయ్యి. మళ్లీ నెల్లో వస్తాను. పిండి తెచ్చి నా ముందు అట్టు పొయ్యి. బాగుంటే కొంటాను. పాడైపోయిందని కొండ దిగి మళ్లీ రాలేను."

ఆమె వెళ్లాక, వేలాడుతున్న పెనాల కింద చాలాసేపు నిలబడ్డాను. ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఆ మోతలన్నీ నాకు తెలుసు. వాటి మీద పిండి పడితే వచ్చే మోత ఒక్కటీ తెలియదు.

మర్నాడు తెల్లవారుజామున కొత్త పోత పెనం ఒకటి సబ్బు పెట్టి శుభ్రంగా తోమి, పొయ్యి మీద పెట్టి, పిండి పోశాను. అది పెనాన్ని పట్టుకుని వదల్లేదు. అట్లకాడతో గీకితే పొట్టు పొట్టుగా లేచింది. అవతల గదిలో, వంటింటికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉన్న రత్నమణి తల తిప్పకుండానే అంది:

"కొట్టు పెనం మీద పోసేసేరేటి?"

"కొట్టులోంచే కదా తెచ్చాను."

"అదేనండీ. అదింకా కొట్టు పెనమే. ఇంటి పెనం అవ్వలేదు. సబ్బెట్టి కూడా తోమేసుంటారు."

"ఎవరైనా తోమకుండా వాడతారా?"

"ఇన్నాళ్లూ ఇవే అమ్మేరా మీరు?"

పెనాన్ని బియ్యం కడిగిన నీళ్లలో మూడు రోజులు నానబెట్టమంది. రోజూ నీళ్లు మార్చమంది. తర్వాత ఆరబెట్టి, నువ్వుల నూనె రాసి, సన్నటి సెగ మీద పొగ వచ్చేదాకా ఉంచి, చల్లార్చి, మళ్లీ రాయమంది. ఉల్లిపాయను సగానికి కోసి ఫోర్కుకి గుచ్చి, దాంతో రుద్దమంది. వారం రోజులు అదే పని. ఎర్రగా, గరుకుగా ఉన్న ఇనుము మెల్లగా నల్లబడి, రాత్రి చెరువులా లోతుగా మెరవడం మొదలుపెట్టింది. ఇంతకాలం ఎంతమందికి ఇది చెప్పకుండా పెనం చేతిలో పెట్టి పంపించానో తలుచుకుంటే సిగ్గేసింది.

అప్పటినుంచి పొద్దున్నలు ఒకే తీరుగా సాగాయి. నేను పొయ్యి దగ్గర, ఆమె అవతలి గదిలో వీపు తిప్పుకుని. లైటర్ వెలిగించే ముందు "వెలిగిస్తున్నా" అని చెప్పేవాణ్ణి. అప్పుడు చెయ్యి వెనక్కి లాక్కునేది కాదు.

"నీళ్లు సిలకరించండి."

చిలకరిస్తే పెనం చుయ్యిమంది.

"ఇంకా కాలేదు. ఆ సప్పుడు కాదు. పొట్టిగా రావాలి."

మళ్లీ చిలకరించాను.

"ఇప్పుడు పొయ్యండి. గరిటె ఒత్తకండి, ఊరికే తిప్పండి. ఆఁ, ఒత్తేసేరు. సప్పుడు ఆగిపోయింది."

కళ్లతో చూస్తున్న నాకు తెలియనిది, చూడని ఆమెకు తెలిసేది. పిండి పోసినప్పుడు మొదట వాన పెద్దదైనట్టు, తర్వాత వెలుస్తున్నట్టు, ఆఖరున ఆకుల మీద నుంచి ఒక్కొక్క చుక్క రాలుతున్నట్టు వినిపిస్తుందని, ఆ చుక్కల దగ్గర తిప్పాలని ఆమె చెప్పాకే నాకు వినపడింది. ఒకరోజు నేను పోసింది ప్లేట్లో పెట్టి తీసుకెళ్లి చూపించాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"రావికమతం మండలం మేప్‌లాగుంది. ఇదిగో, ఈ మూల మీ మేనత్తోళ్ల ఊరు."

ఆమె అలా నవ్వి రెండు నెలలు దాటింది. ముందు మీరు తినండంటూ ప్లేటు నా చేతికే ఇచ్చేసింది.

అన్నట్టే నెల తిరిగేసరికి సింహాద్రమ్మ వచ్చింది. కొట్టు ముందు బల్ల వేసి రెండు పెనాల మీదా పోశాను. ఒకవైపు చిన్న గ్యాసు పొయ్యి, ఒకవైపు కరెంటు తీగ. పక్క కొట్లవాళ్లు చేరారు. "ఏసుపాదం హోటల్ పెట్టేడ్రా" అన్నాడు చెప్పుల షాపు జోగులు, నన్ను చూపిస్తూ. సింహాద్రమ్మ రెండూ తిని, వేళ్లు తుడుచుకుంది.

"ఇనపదాని మీదది బాగుంది. కరెంటుది కూడా తినొచ్చు. కోడలికి కరెంటుదే ఇవ్వు."

"బాగున్నది అది అయితే ఇదెందుకమ్మా?" నా నోటినుంచి అలాంటి ప్రశ్న అదే మొదటిసారి.

"పోసేది కోడలు కదా బాబూ, నువ్వూ నేనూ కాదు. దాని పొద్దు దానికి తెలుస్తాది." డబ్బులిచ్చి, మూట ఎత్తుకుంటూ అంది, "పిండి రుబ్బినావిడికి సెప్పు. పిండి బాగుంది."

ఇంటికి వచ్చి చెప్పాను. రత్నమణి విని, "కరెంటుదాని మీద నీళ్లు సిలకరిస్తే ఏ సప్పుడొచ్చింది?" అని అడిగింది.

"అదే. పొట్టిగా."

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి అరుగు మీద కరెంటు పెనం పెట్టుకుని, తడి వేళ్లు దూరం నుంచి దాని మీద విదిలిస్తోంది. విదిలించడం, చెవి ఒగ్గడం, మళ్లీ విదిలించడం. ఎండలో ఆ నీటి చుక్కలు పెనాన్ని చేరేలోపు గాలిలో మెరుస్తున్నాయి. గేటు దగ్గరే ఆగిపోయి చూశాను. ఒక అట్టు పోసింది. నన్ను చూసి, ఏదో దొంగపని చేస్తూ దొరికినట్టు నవ్వింది.

పెనం సంగతి తేలిపోయింది. ఆమెకు కరెంటుది, నాకు ఇనపది. ఇక వెళ్లదనుకున్నాను. ఆ సాయంత్రం లోపలికి వెళితే మంచం మీద చీరలు మడతపెడుతోంది. పక్కన సంచి.

"రత్నం, ఇంకా వెళ్లాలనే ఉందా?"

"మీరు నేర్చీసుకున్నారు కదండీ. ఇంక నాకు బెంగ లేదు." నిజంగానే తేలికైన గొంతుతో అంది. "లేకపోతే మీరేటి తింటారోనని అక్కడ కూడా నిద్ర పట్టేది కాదు."

లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు కనపడింది. ఆమెను ఆపుదామని నేర్చుకున్న పనే ఆమెకు సెలవు ఇచ్చేసింది. కానీ ఏం చెప్పి ఆపాలి? నువ్వు పని చెయ్యకపోయినా ఉండు అనడానికి నోరు తిరగలేదు. ఆ మాట ఎప్పుడూ వాడలేదు. వాడని మాట కొత్త పెనం లాంటిది.

ప్రభుకుమార్ చెప్పిన ఆదివారం పొద్దున్న మబ్బు పట్టింది. మిషన్ చర్చిలో ఆరాధన ముగిసేసరికి గాలి లేచింది. మేము ఇంటికి చేరేసరికి ప్రభుకుమార్ ఆటో గేటు ముందుంది. ఆకాశం నేలకు దిగివచ్చినట్టు వీధి అంతా నీలంగా, చల్లగా ఉంది. ఎక్కడినుంచో తడిమట్టి వాసన ముందుగా వచ్చింది, వాన తర్వాత వచ్చింది.

"అక్కా, బేగి. ఏరొచ్చిందంటే ఇబ్బంది," అంటూనే వాడు ఆటోకి పట్టా కట్టడానికి బయటికి పరుగెత్తాడు.

"వాడు తిని బయల్దేరతాడు," అని నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. "వెలిగిస్తున్నా."

మొదటి అట్టు గుండ్రంగా వచ్చింది. అంచులు ఎర్రబడి పెనం నుంచి వాటంతట అవే లేచాయి. ప్లేట్లో వేసి తీసుకెళ్లి రత్నమణి చేతికిచ్చాను. ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"తమ్ముడు రానీండి, ఇస్తాను."

"వాడిది పోస్తాను. ఇది నీకు. వేడి మీద తిను."

"ముందు మీరిద్దరూ..."

"పట్టా కట్టేసరికి చల్లారిపోతుంది రత్నం."

నిలబడే ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"ఉప్పు తక్కువా?"

"లేదు." మరో ముక్క తుంచింది, ఈసారి అంచు. "సప్పుడవుతంది."

"ఏంటి?"

"అంచు. నోట్లో సప్పుడవుతంది."

"అట్టు అంటే అంతే కదా."

"మీకు అంతే అయ్యుంటాది. నా వంతు వచ్చేసరికి మెత్తబడిపోయేది." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. వాన పెంకుల మీద గట్టిగా పడుతోంది. నా వెనక పెనం ఖాళీగా పొగలు కక్కుతోంది. "నా పెళ్లయిన కాణ్ణుంచీ ఎన్ని పోసేనో. ఇలాగుంటాదని తెలీదు నాకు."

వంటింట్లోకి వెళ్లి రెండో గరిటె పోశాను.

ప్రభుకుమార్ తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "అక్కా, సంచేది?"

"కూకో ముందు. నీకు పోస్తన్నారు." అంతలోనే వంటింటి వైపు గొంతు పెంచి, "ఏవండీ, అది వాడికొద్దు. నాకివ్వండి. వాడికి తరవాతది," అంది.

ఆమె గొంతులో అంత నిక్కచ్చి మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. వాడు నా వైపు చూశాడు. నేను అట్లకాడ వైపు చూశాను. ఆఖరి చుక్కలు రాలుతున్న చప్పుడు. తిప్పాను.

వాడు నాలుగు తిన్నాడు. వాన వెలిసేసరికి రెండు దాటింది. అక్క సంచి మాట ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. ఆటో స్టార్ట్ చేస్తూ, "గుంటల్ని మా అత్తనే సూడమంటాన్లెండి బావగారూ," అన్నాడు. "ఎలాగా ఇంట్లోనే ఉంటాది."

"ఆదివారాలు ఇక్కడికి తీసుకురా," అంది రత్నమణి అరుగు మీద నుంచి. "మీ బావగారు పోస్తారు."

ఆగస్టు ఒకటో తారీకున కొట్టు మూసి, గల్లా పక్కన కూర్చుని ఆ సీజన్ లెక్క చూశాను. అమ్మకాల సంగతి పక్కన పెడితే, మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు అట్లు. ఆమె వంతు రోజుకు మూడు. పెళ్లయి ఇరవై ఏడేళ్లు. అందరూ తిన్నాక, పొయ్యి కట్టాక, ఆమె చల్లగా తిన్నవి పదహారు వేల ఎనిమిది వందల చిల్లర.

వేడిగా తిన్నవి, ఆ రోజుకి, నలభై ఒకటి.